పరాధీనతయు కైంకర్యమును

జీవుడు స్వతంత్రుడు కాడు. శ్రియఃపతియగు సర్వేశ్వరునకు శేషభూతుడు. ఇది శ్రీవైష్ణవ సిద్ధాంతమునకు మూలకందము. బాల్యమునుండి ఈ మాట వినుచు పెరిగిన గృహములలో సైతము, ఎవరికైనను కాళ్ళు చచ్చుపడి మంచము పట్టినప్పుడు, "అయ్యో, పరాధీనపు బ్రతుకు! పగవానికి కూడ వద్దు" అను మాటయే ముందుగా వినవచ్చును. నమ్మిన సిద్ధాంతము ఒకటి, నోట వచ్చు మాట మరియొకటి. భగవంతునకు అధీనుడై యుండుట భాగ్యమని ప్రతిదినము అనుసంధించుకొనువాడు, మంచినీళ్ళకు కోడలిని పిలువవలసి వచ్చినప్పుడు కంట తడి పెట్టుకొనుట ఏల? ఈ రెండు పరాధీనతలును ఒకటియేనా, వేరా? ఒకటియైనచో ఒకచోట భాగ్యమును మరియొకచోట దౌర్భాగ్యమును ఎట్లగును? వేరైనచో వానికి గల భేదమెట్టిది? ఇది పండితుల వాదసభకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. వృద్ధులున్న ప్రతి యింటిలోను ఇది నిత్యము ఎదురగుచున్నది.

ఒక గృహస్థుని ఉదాహరణము

తిరుపతిలో శ్రీ గోవిందరాజస్వామివారి ఆలయ వీధులకు సమీపమున ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నివసించుచున్నాడని భావింపుడు. వెన్నెముక జబ్బుచేత ఆయనకు నడుమునుండి క్రిందిభాగము స్వాధీనము తప్పినది. మొదటి రెండేండ్లు చేతితో త్రోయు చక్రాల కుర్చీయే ఆధారము. కుమారునకు తీరిక దొరికిన దినమున ఆలయమునకు పోవుట, దొరకని దినమున ఇంటనే కూర్చుండుట. త్రోయువాడు తొందరలో నున్నచో కుర్చీయు తొందరగనే పోవును. పూలకొట్టు దగ్గర ఒక నిమిషము ఆగవలెనని యున్నను, పాతమిత్రుడు కనబడినప్పుడు పలుకరింపవలెనని యున్నను, ఆయన నోరు మెదపడు. తరువాత కుమారుడు పొదుపు చేసిన సొమ్ముతో బ్యాటరీలతో నడచు కుర్చీని కొని తెచ్చెను. ఆనాటినుండి సాయంకాలము ఆయనది. తన చేతిమీటను తానే కదల్చుకొని గోపురము ముందునకు పోవును, ఆగవలసినచోట ఆగును, చీకటిపడకముందే ఇల్లు చేరును.

రెండేండ్లు గడచినవి. మొదట రాత్రి ఒకసారి విద్యుత్తు ఎక్కించినచో నాలుగు వీధులు తిరిగినను కుర్చీ అలసెడిది కాదు. క్రమముగా రెండు వీధులకే దీపము ఎఱ్ఱబారజొచ్చెను. ఆయన ఆ సంగతి గమనించెను, ఎవ్వరికిని చెప్పలేదు. కొత్త బ్యాటరీల జతకు వేలరూపాయలగును. మనుమని కళాశాల రుసుము కట్టవలసిన నెల అది. "ఇక ఇంటియందే పారాయణము చేసికొందును. వీధులు తిరుగుట ఎందుకు?" అనెను. ఇంటివారు దానిని వైరాగ్యమని భావించి సంతోషించిరి.

వైశాఖమాసపు బ్రహ్మోత్సవములు వచ్చినవి. గరుడసేవనాటి రాత్రి కోడలు బలవంతము చేయగా ఆయన బయలుదేరెను. వీధిమలుపున, జనసమ్మర్దము నడుమ, కుర్చీ నిలిచిపోయెను. ఎందరు త్రోసినను కదలలేదు. ఇట్టి కుర్చీలలో శక్తి అందినంతవరకే మోటారుబ్రేకులు వదలియుండును; శక్తి ఆగినచో ఏటవాలునందు జారిపోకుండుటకై అవి బిగిసికొనును. చక్రములను విడిపించు మీట వేరుగా ఉండును. అది త్రోయుచున్నవారికి తెలియదు. మేళతాళములు దగ్గర పడినవి. నలుగురు యువకులు ఆయనను రెండు చేతులమీద ఎత్తి ఒక యింటి అరుగుమీద కూర్చుండబెట్టిరి. స్వామి గరుడారూఢుడై ఎదుటికి వేంచేసెను. ఆయన కన్నుల నీరు ధారలు కట్టెను. చూచినవారు భక్తిపారవశ్యమనుకొనిరి. అందులో సగము మాత్రమే భక్తి. తక్కిన సగము అవమానము.

ఆ రాత్రి కుమారుడు అడిగెను: "ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా, నాన్నగారూ!"

"ఇప్పటికే మీకు భారమైనాను. ఇంకా ఎందుకని ఊరుకున్నానురా."

కుమారుడు కొంతసేపు మౌనముగ నుండి, "మేమూ అడగలేదు" అనెను.

ఈ రెండు వాక్యములలో ధర్మసూక్ష్మమంతయు ఇమిడియున్నది. దోషము ఎవరిది? అవసరమును దాచినవానిదా, అడుగనివారిదా?

దుఃఖమునకు మూలము

ఇతరుల వశమందుండుటయే దుఃఖమనియు, తన వశమందుండుటయే సుఖమనియు స్మృతులలో ఒక మాట కలదు. సేవను శునకవృత్తితో పోల్చిన మాటయు కలదు. ఈ మాటలను పట్టుకొని, భగవంతునకు దాసుడై యుండుట సుఖమెట్లగునని ఆక్షేపించినవారికి భగవద్రామానుజులు వేదార్థసంగ్రహమున సమాధానము చెప్పియున్నారు. దాని సారము ఇది: ఎవడు తన్ను ఎట్టివానినిగా తలచునో, వానికి సుఖదుఃఖములు ఆ తలపు ననుసరించియే తోచును. దేహమే తానని భ్రమించి, తాను స్వతంత్రుడనని అభిమానించువానికి పరతంత్రత దుఃఖముగనే తోచును. ఆత్మస్వరూపమును తెలిసినవానికి, తనకు సహజశేషియగు పరమాత్మను సేవించుట పరమసుఖము. సేవింపదగనివారిని, తమ స్వార్థమునకై మనుష్యుని లొంగదీసికొనువారిని సేవించుటయే ఆ స్మృతివాక్యములు నిందించిన సేవ.

కావున పరాధీనత యనునది తనంతట తాను దుఃఖము కాదు. తన్ను గూర్చిన తప్పుతలపు ఒకవైపు, తగని అధికారము మరియొకవైపు కలసినప్పుడే అది దుఃఖమగును. పై గృహమున ఈ రెండును కొంచెము కొంచెముగా ఉన్నవి. "భారమైనాను" అనుమాటలో, ఎవ్వరికిని భారము కాకుండ జీవింపగలవాడే మనుష్యుడను అభిమానము దాగియున్నది. కాని అట్టి మనుష్యుడు ఎచ్చటనున్నాడు? తల్లిగర్భమున మోయబడినవాడే, తండ్రి భుజముపై ఉత్సవము చూచినవాడే, తుదకు నలుగురి భుజములమీద పోవువాడే ప్రతివాడును. నడుమ కొన్ని సంవత్సరములు కాళ్ళమీద నడచినంతమాత్రమున స్వతంత్రుడనని తలచుట ఎంత అల్పదృష్టి!

అటుపై కూర్చుండియున్న వానిని సంచిని కదల్చినట్లు అడుగకయే కదల్చుట, ఆయనకు చెప్పకయే కుర్చీని త్రిప్పుట, "ఆయనకేమి తెలియును" అని ఆయన యెదుటనే మాటలాడుట తగని అధికారము. దుఃఖములో అధికభాగము అచ్చటనుండియే పుట్టును.

మోయబడిన మహనీయులు

శ్రీవైష్ణవ సంప్రదాయమున మోయబడుట ఎన్నడును హీనము కాలేదు. నమ్మాళ్వారులు ఆళ్వార్‌తిరునగరిలో చింతచెట్టు క్రింద పదునారేండ్లు కదలక మెదలక కూర్చుండిరని గురుపరంపర చెప్పును. వారిని వెదకుకొనుచు వచ్చిన మధురకవులు వయస్సున పెద్దవారైనను, ఆ కదలనివారి పాదములకడనే సేవ చేయుచు నిలిచిరి. తిరుప్పాణాళ్వారులు శ్రీరంగనాథుని సన్నిధిలో అడుగిడుటకు సంకోచింపగా లోకసారంగముని వారిని తన భుజములమీద నెక్కించుకొని లోనికి గొనిపోయెను. అందువలన మునివాహనులను పేరు వారికి కలిగినది. రామానుజులు కావేరీస్నానము చేసి మరలునప్పుడు ధనుర్దాసుని చేయి ఊతగా గొనెడివారు. ఆచార్యుని కాపాడుటకై కన్నులు పోగొట్టుకొన్న కూరేశులు ఇతరుల చేయి పట్టుకొని నడచిరి. ఆయన జ్ఞానమునకు గాని గౌరవమునకు గాని కొరత కలుగలేదు.

అంతకంటె విశేషము మరియొకటి కలదు. సకలలోకములను భరించు స్వామియే అర్చారూపమున మోయబడుటకు అంగీకరించినాడు. అర్చకుడు మేలుకొలిపినప్పుడు మేల్కొనును, నివేదించినప్పుడు ఆరగించును, వాహనము మోయువారు భుజము మార్చుకొనునప్పుడు వీధిలో ఆగి నిలుచును. అర్చావతారమున స్వామి అర్చకపరాధీనుడని పెద్దలు చెప్పుదురు. 1323 ప్రాంతమున శ్రీరంగముపై దండయాత్ర జరిగినప్పుడు పిళ్ళైలోకాచార్యులు మొదలగువారు నంపెరుమాళ్ళను రహస్యముగ ఊరు దాటించిరి. స్వామి ఎన్నియో స్థలములు తిరిగి, తిరుమలలో కొంతకాలము వేంచేసియుండి, 1371లో మరల శ్రీరంగము చేరెను. అన్ని సంవత్సరములు భగవంతుడు భక్తుల భుజములను నమ్ముకొని యుండెను. పరాధీనతయే అవమానమైనచో స్వామి దానిని స్వీకరించునా? అది సౌలభ్యమని, ప్రేమకు చోటిచ్చుట యని ఆచార్యులు కొనియాడిరి. వీధి అరుగుమీద కూర్చుండి కన్నీరు కార్చిన ఆ వృద్ధుని యెదుట ఆ రాత్రి వేంచేసినదియు మోయబడుచున్న స్వామియే. ఆ సంగతి ఆ క్షణమున ఆయనకు తోపలేదు.

అడుగుటయు శరణాగతిలో అంగమే

"మోయబడుట గొప్పదైనచో ఆయనను ఎత్తుకొనియే పోవచ్చును గదా, బ్యాటరీల కుర్చీ ఎందుకు? తనంతట తాను తిరుగవలెనను కోరిక అహంకారము కాదా?" అని ఎవరైన అడుగవచ్చును. పిల్లి తన కూనను నోట కరచుకొని పోవునట్లు భగవంతుడే జీవుని రక్షించునని ఒక మార్గమువారును, కోతిపిల్ల తల్లిని పట్టుకొనునట్లు జీవుడును పట్టుకొనవలెనని మరియొక మార్గమువారును చెప్పుట ప్రసిద్ధము. ఆ భేదమును ఇచ్చట విచారింప పనిలేదు. రెండు దృష్టాంతములలోను సమానమైనది ఒకటి కలదు. కోతిపిల్ల తాను పడిపోవుదునను భయమును దాచదు. పిల్లికూన ఆకలియైనప్పుడు కూయక మానదు. తన అశక్తతను కప్పిపుచ్చుకొను పిల్ల రెండింటిలోను లేదు.

శరణాగతికి చెప్పబడిన అంగములలో కార్పణ్యము ఒకటి; అనగా తన దిక్కులేనితనమును ఒప్పుకొనుట. గోప్తృత్వవరణము మరియొకటి, అనగా "నీవు రక్షకుడవు కమ్ము" అని వేడుకొనుట. సర్వజ్ఞుడగు స్వామికి జీవుని అవసరము తెలియదా? తెలియును. అయినను నోరు విప్పి అడుగుట అంగముగా విధింపబడినది. అడుగుటవలన రక్షకునకు కొత్తగా తెలియునది లేదు; అడుగువాని గర్వము కరగును. దేవుని యెదుట ప్రతిదినము కార్పణ్యమును అనుసంధించి, కన్నకొడుకు నెదుట "బ్యాటరీలు పోయినవి" అని చెప్పలేకపోవుట యందు పారమార్థికమైన లోపము కలదు. ఆయన దానిని వినయమనుకొనెను. అది వినయపు వస్త్రము ధరించిన అభిమానము.

అట్లని భారమంతయు అడుగవలసినవానిమీద మోపరాదు. దేవునివలె కుమారుడు సర్వజ్ఞుడు కాడు. కాని ఎప్పుడును వీధికి పోవు మనుష్యుడు అకస్మాత్తుగ పోవుట మానినప్పుడు కారణమేమని అడుగుటకు సర్వజ్ఞత్వము అక్కరలేదు. ఎదుటివాని వైరాగ్యము తన సొమ్మును మిగుల్చునప్పుడు, దానిని వైరాగ్యమని నమ్ముట సులభము. ఇంటివారు జాగ్రత్తపడవలసినది ఈ సులభత్వమునకే. ఉన్నదానియందు రుచి తగ్గుట వైరాగ్యము. లేకపోయిన దానిని గూర్చి నోరుమూసికొనుట వైరాగ్యము కాదు.

నడపువాడు ఎవడు?

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఆత్మను రథికునిగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను నిరూపించినది. దానిని విని కొందరు, బ్యాటరీయే ఆత్మవంటిదనియు, అది క్షీణించినప్పుడు కుర్చీ ఆగినట్లు ఆత్మ పోయినప్పుడు దేహము పడిపోవుననియు పోలిక చెప్పుదురు. ఇది సరియైన పోలిక కాదు. బ్యాటరీ జడము, తాను ఎచ్చటికి పోవుచున్నదియు దానికి తెలియదు. అది అన్నపానములవలె, ప్రాణబలమువలె శక్తినిచ్చునది మాత్రమే. ఆత్మ యనదగినవాడు కుర్చీలో కూర్చుండి, పోవలసిన దిక్కు నెరిగి, మీటను కదల్చువాడు. బ్యాటరీ క్షీణించినను ఆయన క్షీణింపలేదు. కాళ్ళు చచ్చుపడినవాని యెదుట బిగ్గరగా, చిన్నపిల్లలతో వలె మాటలాడువారు ఈ వివేకము లేనివారే. వారు వాహనము యొక్క దోషమును రథికునియందు ఆరోపించుచున్నారు.

అట్లయిన ఆ కుర్చీ ఆయనకు శరీరమగునా? చేతనుడు ఏ ద్రవ్యమును తన ప్రయోజనమునకై సర్వవిధముల నియమించుచు ధరించుచుండునో, ఏది ఆతనికి శేషమగుటయే స్వభావముగా గలదో, అది ఆతనికి శరీరమని శ్రీభాష్యము నిర్ణయించినది. కుర్చీ ఆయనను విడిచి వేరుగ నుండగలదు. కావున శరీరము కాదు, ఉపకరణము. అయినను దినమునకు పదిగంటలు దానియందే కూర్చుండువానికి అది కాళ్ళకు మారుగా నున్నది. దానిమీద అనుమతి లేక చేయి వేయుట, సంచులు తగిలించుట, ఆయన చేతికందనిచోట నిలుపుట ఆయన కాళ్ళను కట్టివేయుటతో సమానము.

ఇక స్వాతంత్ర్యమును గూర్చిన ఆక్షేపము. జీవుడు కర్తయే, కాని ఆ కర్తృత్వము పరమాత్మ అధీనము అని బ్రహ్మసూత్రభాష్యమున రామానుజులు నిర్ణయించిరి. జీవుడు మొదట సంకల్పించి యత్నించును; అంతర్యామి అనుమతి నొసగి ఆ యత్నమును సాగించును. శక్తి ఆయన యిచ్చినది, ఎంపిక జీవునిది, కనుకనే విధినిషేధములకు అర్థము కలదు. భగవంతుడు జీవుని జడవస్తువును వలె ఈడ్చుకొని పోలేదు. ఇచ్ఛను, జ్ఞానమును, యత్నమును ఇచ్చి తనవైపు నడచి రమ్మనెను. సేవకులు దీనినుండి నేర్వవలసినది కలదు. ఒకనిని ఎత్తుకొనిపోవుట ఒక ఉపకారము. ఆతడు తానే పోవుటకు వలయు శక్తిని సమకూర్చుట అంతకు మించిన ఉపకారము. భగవంతుడు జీవునకు చేసిన ఉపకారమునకు దగ్గరిది. పూలకొట్టు దగ్గర ఆగవలెనను కోరిక అహంకారము కాదు. స్వామికి తన చేతితో ఏరిన తులసిమాల తీసికొనిపోవుట కైంకర్యము. దానికి ఆగుట కావలెను.

బ్యాటరీలు మార్చుటలోని ధర్మము

రెండవ ప్రపంచయుద్ధమున గాయపడి అవయవములు చచ్చుపడిన సైనికులకొరకు కెనడా దేశపు జాతీయ పరిశోధన మండలిలో జార్జి క్లైన్ అను ఇంజనీరు సహచరులతో కలసి విద్యుత్ చక్రాల కుర్చీని రూపొందించెను. దానికి శక్తినిచ్చు సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనుగొనియుండెను. ఎవరి బుద్ధియందు పుట్టినను, దుర్బలునకు ఊతయగు విద్యయంతయు భగవత్ప్రసాదమే. దానిని చక్కగా కాపాడుట గృహస్థుని ధర్మము. కొత్త కుర్చీలు కొన్నిటియందు లిథియం బ్యాటరీలు ఉండును. వానికి తగిన ఛార్జరు వేరు. సీసపు బ్యాటరీలు గల కుర్చీలో సాధారణముగ 12 వోల్టులవి రెండు వరుసగా కలుపబడి 24 వోల్టులు ఇచ్చును.

పని మొదలుపెట్టుటకు ముందు కూర్చుండువానితో చెప్పి, ఆయనను మరియొక ఆసనమునకు నెమ్మదిగ మార్చవలెను. కుర్చీని సమతలమున నిలిపి, మీటను ఆపి, ఛార్జరును తీసివేయవలెను. ఉంగరములు, గాజులు, కంకణములు తీసిపెట్టవలెను. లోహపు స్పానరు గాని గాజు గాని బ్యాటరీ యొక్క రెండు కొనలను ఒకేమారు తాకినచో పెద్ద మెరుపు లేచి చేయి కాలును. అందుచేత పనిముట్టు పిడికి పట్టీ చుట్టుకొనుట మంచిది. తీగ విప్పకముందే ఏ తీగ ఎచ్చట నున్నదో బొమ్మ గీసికొనవలెను. ఎఱ్ఱనిది ధనము, నల్లనిది ఋణము. తారుమారైనచో ఫ్యూజు పోవుటయే గాక యంత్రమే చెడిపోవచ్చును. బ్యాటరీ చూచుటకు చిన్నదైనను సీసముచేత మిక్కిలి బరువు. నడుము వంచి ఒక్కుదుట లాగరాదు. కారుకు వాడు బ్యాటరీ చౌకగా దొరకినదని వేయరాదు. అది ఒక్కసారి బలముగా శక్తినిచ్చుటకు చేయబడినది. గంటలకొలది నెమ్మదిగ శక్తినిచ్చుచు, ప్రతిదినము తగ్గి నిండుటకు తగినది వేరు. బిగింపు ముగిసిన పిదప రాత్రియంతయు ఛార్జి చేసి, ఉదయమున ఇంటిముందటనే నడిపి చూచిన తరువాతనే వీధికి పంపవలెను.

అన్నిటికంటె ముఖ్యము, రెండింటిని ఒకేమారు మార్చవలెను. సగము ఖర్చు మిగులునని ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపినచో పాతది ముందుగ క్షీణించి, కొత్తదానిని కూడ లాగి చెరుపును. ఇది యంత్రశాస్త్రము చెప్పినమాట, గృహధర్మమునకును సరిపోవును. పరిచర్య చేయించుకొనువాడు ఒకడు, చేయువారు మరియొకరు. ఒకే తీగకు కట్టబడిన యిద్దరు. పైగృహమున ఆ వృద్ధుని భార్య రాత్రి రెండుసార్లు లేచి ఆయనను ప్రక్కకు త్రిప్పుచుండును. ఆమెకును డెబ్బదియేండ్లు దాటినవి. అందరు ఆయన ఆరోగ్యమునే అడుగుదురు. ఆమె నిద్రను అడుగువారు లేరు. ఆయనకు కొత్త కుర్చీని, ఆమెకు పాత అలసటను మిగుల్చు ఇల్లు ఒక బ్యాటరీ మాత్రమే మార్చిన యిల్లు. రాత్రి ఒకదినము కుమారుడు, ఒకదినము మనుమడు ఆయన ప్రక్కన పండుకొని, ఆమెకు విశ్రాంతి కల్పించినప్పుడే సేవ సమగ్రమగును.

ఛార్జి అంతయు అయిపోవువరకు వాడి, అట్లే దినములతరబడి వదలివేసినచో లోపలి సీసపుపలకలమీద గట్టిపొర కట్టి, మరల విద్యుత్తు ఎక్కదు. ప్రతి రాత్రియు నింపవలెను. మనుష్యునకును అంతే. ఎప్పుడో ఒకసారి షష్టిపూర్తికో సహస్రచంద్రదర్శనమునకో ఘనముగ సత్కరించి, తక్కిన దినములు పలుకరింపకున్నచో ఆ సత్కారము ఎక్కదు.

పాత బ్యాటరీలతో ధర్మము ముగియలేదు. వానిలో సీసము, గంధకామ్లము ఉన్నవి. సీసము పసిపిల్లల మెదడునకు హానికరము. దొడ్డిలో పారవేయుట, పగులగొట్టి అమ్ముకొనుట పాపము. 2022లో భారతప్రభుత్వము చేసిన నియమములు, వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి. గృహస్థుడు చెత్తలో కలుపక దుకాణమునకు తిరిగి యిచ్చిన చాలును. ఒకని కాళ్ళకు శక్తినిచ్చిన వస్తువు మరియొకని బిడ్డకు విషము కారాదు.

ఫలశ్రుతి

పై ఉదాహరణమందలి యింట ఆ మరునాడు కుమారుడును మనుమడును కలసి జతగా కొత్త బ్యాటరీలు తెచ్చిరి. వృద్ధుడు ఎదుట పీటమీద ఒరిగి కూర్చుండి, ఏ తీగ ఎచ్చట నుండవలెనో తానే చెప్పెను, మనుమడు బిగించెను. అడిగించుకొనుటకు అలవాటుపడిన ఉపాధ్యాయుడు, అడుగుట నేర్చినది ఆనాడే. పని ముగిసిన పిదప, "మళ్ళీ రెండేళ్ళకు ఇవి పోతాయి. అప్పుడు మొదటి రోజే చెప్తాను" అనెను. ఆ సాయంకాలము ఆయన పూలకొట్టు దగ్గర ఆగెను. వెనుక నెవ్వరును త్రోయువారు లేరు; అయినను ఆయన ఒంటరిగ పోలేదు. భార్య నిద్రపోయిన మధ్యాహ్నము, కుమారుని సొమ్ము, మనుమని చేతిపని, వీటన్నిటికిని అంతర్యామియైన స్వామి అనుగ్రహము ఆయనతో కూడ కదలినవి.

మొదటి ప్రశ్నకు సమాధానము ఇచ్చట లభించును. భగవంతునకు అధీనుడగుటయు, ఆయన జనులకు అధీనుడగుటయు వేరువేరు కావు. రెండవది మొదటిదాని యందే ఇమిడియున్నది. స్వామి తన రక్షకత్వమును ఎక్కువగ మనుష్యుల చేతులద్వారముననే నడపును. ఆ చేతులు ప్రేమతో, అనుమతితో, గౌరవముతో చాచబడినప్పుడు పరాధీనత భాగ్యము. విసుగుతో, అధికారముతో చాచబడినప్పుడు అదియే దుఃఖము. భేదము కుర్చీలో కూర్చుండినవాని కాళ్ళయందు లేదు. చుట్టునున్నవారి చేతులయందును, ఆయన నోరు విప్పుటయందును ఉన్నది.

గరుడునిపై నెక్కి వీధులకు వేంచేయు శ్రీ గోవిందరాజస్వామి, మోయువారికి బలమును, మోయబడువారికి నిర్భరత్వమును ప్రసాదించుగాక!